గోడవైపు తిరిగిన కుర్చీ

వీధిలోంచి నాలుగు మెట్లు దిగితే వచ్చే ఆ కంప్యూటర్ రిపేరు కొట్టుకి బోర్డు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. వీధిలో ఎవర్ని అడిగినా "తాళాలాయన కొట్టేగా, అదిగో" అని చెయ్యి చూపిస్తారు. నిజానికి ఆయన తాళాలు బాగుచేసినవాడు కాదు. బాగుచేసింది వాళ్ళ నాన్న. నాన్న పోయాక కొడుక్కి కొట్టు మిగిలింది, పేరు మిగిలింది, వాటితోపాటు ఒక పద్ధతి కూడా మిగిలింది. ఆ పద్ధతి ఎంత మంచిదో అందరికీ తెలుసు. అదే ఏం చేసిందో తెలిసినవాళ్ళు తక్కువ.

నాన్న ఎవరి బీరువా తాళం తీసినా, తాళం లొంగిందని చేతికి తెలియగానే ఇక తలుపు రెక్క ముట్టుకునేవాడు కాదు. పక్కకి జరిగి గోడవైపు తిరిగి నిలబడి, "ఇక తీసుకోండమ్మా" అనేవాడు. లోపల ఏముందో ఇంటివాళ్ళు చూసుకోవాలి, తాళం తీసినవాడికి అనవసరం. "మనం చూడలేదని వాళ్ళకి తెలియాలిరా. అప్పుడే రాత్రి నిశ్చింతగా పడుకుంటారు" అని కొడుక్కి చెప్పేవాడు. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్ళినప్పుడల్లా కొడుకూ పక్కనే గోడవైపు తిరిగి నిలబడేవాడు. అలా ఆ ఊళ్ళో సగం ఇళ్ళ గోడలు వాడికి బాగా పరిచయం.

పెద్దయ్యాక తాళాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి కానీ పద్ధతి పోలేదు. ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టాలన్నా, బాగైన మిషన్లో తమ ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలన్నా తాళాలాయన తన తిరిగే కుర్చీని ఒక్క తోపుతో గోడవైపు తిప్పేసేవాడు. ఆ గోడమీద సున్నం పెచ్చులూడిన చోటు ఒకటి ఉంది. వచ్చినవాళ్ళు "అయిందండీ" అనేదాకా ఆయన దాన్నే చూస్తూ కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఆయన భార్య మాత్రం మురిసిపోయేది కాదు.

"ఏవండీ, మీరు వీపు చూపిస్తే ఎదుటివాడు మర్యాదస్తుడైపోతాడా? ఎవడైనా టేబుల్ మీదున్నది జేబులో వేసుకుపోతే?" అనేది.

"ఇన్నేళ్ళలో ఒక్కడు పోయాడా?"

"మీరెక్కడ చూశారు పోయిందీ లేందీ" అని ఆవిడ నవ్వేది. ఆయనా నవ్వేవాడు. ఆ మాట చెవిన వేసుకుని ఉంటే ఎంత బాగుండేదో.

ఒకరోజు అక్కయ్యగారు సంచిలో లాప్‌టాప్ పెట్టుకుని వచ్చింది. కట్టుకున్నవాడి చేతుల్లో బతకలేక పిల్లల్ని తీసుకుని బయటపడ్డ ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లు ఒకటి ఆవిడ నడుపుతుంది. అక్కడివాళ్ళంతా అక్కయ్య అంటారు కాబట్టి తాళాలాయన కూడా అక్కయ్యగారనే అంటాడు. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో ఆయనకి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

"తమ్ముడూ, కొంప ముంచుకున్నాను చూడు" అంటూ స్టూలు మీద కూలబడింది. "కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకోమంటావా వద్దా అని రోజూ పొద్దున్నే ప్రాణం తీస్తుంటే దీని నస వదిలిపోతుందని సరేనన్నాను. వేసుకుంది. అప్పట్నించీ నువ్వు తాళం పెట్టిచ్చిన ఫోల్డర్ నిలబడట్లేదు. పాస్‌వర్డ్ కొడితే రెప్పపాటు తెరుచుకుంటోంది, టప్పున మూసుకుపోతోంది. అనుకోకుండా ఆగిపోయింది, చింతిస్తున్నాం అంటోంది. దాని చింత ఎవడికి కావాలి?"

ఆ తాళం ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్. ఫైళ్ళన్నిటినీ ఎవరికీ అర్థంకాని పిచ్చిరాతగా మార్చేసి, పాస్‌వర్డ్ కొడితేనే మళ్ళీ మామూలు అక్షరాలుగా చూపిస్తుంది. ఆ ఫోల్డర్లో ఏముందో అక్కయ్యగారు మొదట్లోనే చెప్పింది. తన ఇంటినుంచి వెళ్ళిపోయిన ప్రతి మనిషీ ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ పేరుతో, ఏ పని చేసుకుంటూ ఉందో, పిల్లలు ఏ బడికి పోతున్నారో, అన్నీ అందులోనే.

"ఇది పోతే వాళ్ళకి సాయం అందక నానా పాట్లూ పడతారు. సరే, ఏదోలా బతుకుతారు" అంది ఆవిడ గొంతు తగ్గించి. "బయటికి పోతే మాత్రం బతకరు. ఆ దర్జీ అమ్మాయి ఉంది చూడు, మొన్ననే కూతుర్ని తీసుకుని కొత్త ఊరికి వెళ్ళింది. వాళ్ళాయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఆమె పేరు పెట్టి రోజూ ఇంటర్నెట్టంతా గాలిస్తాడట. కనబడిన ప్రతి బడి ముందూ పిల్లలు వదిలే టైముకి నిలబడతాడట."

"పోలీసులు ఏమీ అనరా?"

"ఏమంటారు? నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడే మనిషి. చెబితే ఎవరూ నమ్మరు. అతను అరిస్తే ఫరవాలేదు, చల్లారిపోతాడు, నవ్వితేనే నాకు భయం అక్కయ్యా అని ఆ పిల్ల చెప్పింది. చివరిసారి నవ్వినప్పుడు దాని చెయ్యి మూడు చోట్ల విరిగింది."

తాళాలాయన ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి పక్కన పెట్టుకున్నాడు. అది చెయ్యకుండా చెయ్యి పెట్టేవాడు మెకానిక్కే కాదని ఆయన లెక్క. ఆ తర్వాత తనకి తెలిసిన తిప్పలన్నీ పడ్డాడు. మిషన్ని ఆపి మళ్ళీ వేశాడు. యాంటీవైరస్ కాపలాని కాసేపు పక్కన పెట్టాడు. పాత వెర్షన్లో ఉన్నట్టు నడిపించి చూశాడు. సాఫ్ట్‌వేర్ని తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ప్రతిసారీ అక్కయ్యగారు వచ్చి పాస్‌వర్డ్ కొట్టడం, ఈయన గోడవైపు తిరగడం, "పోయింది తమ్ముడూ" అని వెనకనుంచి ఆవిడ నిట్టూర్చడం. ఆవిడ పాస్‌వర్డ్ చీటీ మీద రాసిస్తానన్నా ఈయన పుచ్చుకోలేదు. ఆ వారమంతా ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఆయన చేసింది ఆ వృత్తిలో అందరూ చేసేదే. సాఫ్ట్‌వేర్ కూలిపోయినప్పుడల్లా ఆ క్షణాన తన చేతిలో ఏమేం ఉన్నాయో అవన్నీ ఒక ఫైల్లో కుమ్మరించి పోతుంది. దాన్ని క్రాష్ రిపోర్టు అంటారు. ఎక్కడ తట్టుకుని పడిందో కనిపెట్టడానికి అంతకు మించిన ఆధారం లేదు. మెకానిక్కులంతా ఒకరినొకరు సలహాలు అడుక్కునే ఫోరం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. తాళాలాయన ఆ రిపోర్టు తీసి, తల నుంచి తోక దాకా కాపీ చేసి, అక్కడ అతికించాడు. కింద ఎప్పటిలాగే తన కొట్టు చిరునామా, ఫోన్ నంబరు. ఆ వంకన నాలుగు బేరాలు వస్తాయని ఆశ.

రెప్పపాటు తెరుచుకుంటోందని అక్కయ్యగారు చెప్పనే చెప్పింది. తెరుచుకున్న ఆ రెప్పపాటులో సాఫ్ట్‌వేర్ చేతిలో ఏముంటాయి? మామూలు అక్షరాలుగా మారిన ఫైళ్ళే ఉంటాయి. ఇంకో మెకానిక్కయితే అతికించే ముందు పైనుంచి కిందికి ఒక్కసారైనా చూసేవాడు. అంకెల మధ్య, పిచ్చిగీతల మధ్య మనుషుల పేర్లు కనబడితే ఉలిక్కిపడేవాడు. ఈయన చూడలేదు. పరాయివాళ్ళ ఫైలు కదా, చూడకూడదు కదా. అంత పెద్దమనిషి మరి.

ఎక్కడో ఉన్న ఒక పుణ్యాత్ముడు గంటలోనే జవాబిచ్చాడు. పాత తాళం తాలూకు డ్రైవర్ ప్రోగ్రాం ముక్క ఒకటి సిస్టంలో మిగిలిపోయిందనీ, కొత్త ఆపరేటింగ్ సిస్టం దాన్ని రానివ్వకపోవడంతో సాఫ్ట్‌వేర్ మొత్తం కుప్పకూలుతోందనీ రాశాడు. ఆ ముక్కని వేళ్ళతో సహా పీకేసి, తాళానికి కొత్త వెర్షన్ ఎక్కించమన్నాడు. తాళాలాయన అలాగే చేశాడు. అక్కయ్యగారు వచ్చి పాస్‌వర్డ్ కొట్టింది. కుర్చీ గోడవైపు తిరిగే ఉంది. "తెరుచుకుంది తమ్ముడూ! అన్నీ ఉన్నాయి!" అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొన్ని నెలలుగా తాళాలాయన అంత సంతోషంగా ఇంటికి వెళ్ళింది లేదు.

ఫోరంలో మాత్రం ఆ రిపోర్టు అలాగే ఉండిపోయింది. ఆయన మిషన్లో కూడా. క్రాష్ రిపోర్టుల్ని ఆయన పారెయ్యడు. రేపు ఇంకెవరికైనా ఇదే జబ్బు వస్తే పనికొస్తుందని దాచుకుంటాడు.

కొన్నాళ్ళకి ఆ పోస్టు కింద కొత్త మనిషి ఎవరో రాశాడు. "నాకూ ఇదే సమస్య. మీరు పెట్టిన రిపోర్టు మధ్యలో తెగిపోయింది. దయచేసి మిగతాది కూడా పెట్టగలరా?" తాళాలాయన వెళ్ళి చూస్తే నిజమే, పొడవు ఎక్కువైందని ఫోరం దాని తోక కోసేసింది. జవాబు దొరికిపోయాక కూడా మిగతాది ఎందుకు కావాలో అని ఒక్క క్షణం అనుకున్నాడు. పాపం ఎంత తిప్పలు పడుతున్నాడో అని మరుక్షణం అనుకున్నాడు. మంచివాళ్ళకి రెండో ఆలోచన ఎప్పుడూ ఇలాంటిదే వస్తుంది. "ఇక్కడ పట్టదండీ. దగ్గర్లో ఉంటే కొట్టుకి రండి, పూర్తిది చూపిస్తాను" అని రాశాడు.

"వస్తాను" అని ఒక్క మాట జవాబు.

మర్నాడు కొట్టు తీసేసరికే ఆ మనిషి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో లాప్‌టాప్. లోపలికి రమ్మనేదాకా గడప దాటలేదు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. "మీకు శ్రమ ఇస్తున్నాను" అన్నాడు.

"శ్రమేముందండీ, ఇదే కదా మన పని. మీదీ కొత్త వెర్షన్ వేశాకేనా?"

"అవునండీ. కుటుంబం ఫొటోలన్నీ లోపలే ఉండిపోయాయి. చాలా రోజులైంది వాళ్ళని చూసి."

తాళాలాయనకి జాలేసింది. తన మిషన్లో రిపోర్టు తెరిచి, ఫోరంలో ఎక్కడ తెగిందో లైను నంబరు చూసుకుని సరిగ్గా అక్కడికి జరిపి పెట్టాడు. "ఇదిగోండి, ఇక్కణ్ణించీ మిగతాది. మీ దాంట్లో ఒకసారి క్రాష్ తెప్పించి రెండూ పోల్చి చూద్దాం."

"అలాగే. పాస్‌వర్డ్ కొడతాను" అన్నాడు ఇస్త్రీ చొక్కా మనిషి.

ఆ మాట వినగానే తాళాలాయన కాలు దానంతటదే నేలని తోసింది. కుర్చీ గోడవైపు తిరిగింది.

గోడమీద పెచ్చులూడిన చోటు కొంచెం పెద్దదైనట్టుంది. సున్నం వెయ్యించాలి అనుకున్నాడు. వెనక మీటల చప్పుడు వినబడలేదు. ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినబడింది, నిదానంగా. తర్వాత ఫోన్లో ఫొటో తీసినప్పుడు వచ్చే చిన్న చప్పుడు. రిపోర్టు ఫొటో తీసుకుంటున్నాడు కాబోలు, తీసుకోనీ అనుకున్నాడు.

"అయిందాండీ?"

"ఒక్క నిమిషం."

ఆ నిమిషం మామూలు నిమిషం కన్నా పొడుగ్గా ఉంది. మెడ వెనక చల్లగా అనిపించి, తలుపు సందులోంచి గాలి వస్తోందనుకున్నాడు తాళాలాయన. తలుపు వేసే ఉంది.

"అయింది. చాలా మేలు చేశారు" అని గొంతు గుమ్మం దగ్గర్నించి వినబడింది. కుర్చీ తిప్పేసరికి ఆ మనిషి వీపు మెట్లెక్కుతోంది. లాప్‌టాప్ బల్ల మీదే ఉంది.

"ఏవండీ, మీ లాప్‌టాప్!"

"ఉండనివ్వండి. పని చూసుకుని మళ్ళీ వచ్చి తీసుకుంటాను."

తాళాలాయన దాన్ని దగ్గరికి లాక్కుని తెరిచాడు. పాస్‌వర్డ్ అడగలేదు. నేరుగా తెరుచుకుంది. అందులో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ లేదు, ఎప్పుడూ ఎక్కించిన జాడ కూడా లేదు. ఆపరేటింగ్ సిస్టం పాతదే, దుమ్ముపట్టినంత పాతది. తెరమీద ఒక ఫొటో ఉంది. కుట్టుమిషను ముందు కూర్చున్న ఒకామె, ఆమె భుజం మీద గడ్డం ఆనించి నవ్వుతున్న ఆడపిల్ల. ఆమె కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

ఆయనకి నాన్న గుర్తొచ్చాడు. అయినా తన మిషన్ వైపు తిరిగి, ఆ రిపోర్టుని మొదటిసారిగా చదివాడు. అంకెలు, గీతలు, ఏవేవో గుర్తులు. వాటి మధ్య, బియ్యంలో రాళ్ళలా, మామూలు మాటలు. ఒకామె పేరు. పక్కన ఆమె కొత్త పేరు. కూతురి పేరు. ఆ తర్వాత "ప్రస్తుతం ఉండే ఇల్లు" అని ఉంది. ఫోరం తోక కోసింది సరిగ్గా అక్కడే. మిగతాది ఇప్పుడు తెర మధ్యలో ఉంది, ఆయన స్వయంగా జరిపి పెట్టినచోట.

వెంటనే ఫోన్ తీసి చేశాడు. "అక్కయ్యగారూ, ఆ దర్జీ అమ్మాయి ఉండేది బస్టాండు వెనక, మందుల షాపు పైనా?"

ఆవిడ గొంతు, ఎప్పుడూ విననంత మెల్లగా, "ఆ మాట నీకెవరు చెప్పారు?" అంది.

ఆయన చెప్పాడు. సగంలోనే ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ పూటంతా తాళాలాయన కొట్టులో ఇటునుంచి అటు తిరుగుతూనే ఉన్నాడు. పోస్టు తీసేశాడు. రిపోర్టు చెరిపేశాడు. చెరిపితే ఏం లాభం, అది ఎవడి ఫోన్లోనో ఫొటోగా బస్సెక్కి వెళ్ళిపోతోంది. భోజనం తెచ్చిన భార్య ఆయన మొహం చూసి, జరిగింది విని, ఒక్క మాట కూడా దెప్పలేదు. ఆవిడ దెప్పకపోవడం ఆయనకి ఇంకా కష్టంగా అనిపించింది.

రాత్రికి అక్కయ్యగారు ఫోన్ చేసింది. కుట్టుపని చేసేచోట మిషన్ల మోతలో దర్జీ అమ్మాయికి ఫోన్ వినబడలేదట. ఓనరుకి చేసి పిలిపించాల్సి వచ్చిందట. ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఒంటిమీది బట్టలతో బడికి పరుగెత్తి, క్లాసు మధ్యలోంచి పిల్లని తీసుకుని, ముందొచ్చిన బస్సు ఎక్కేసింది. మధ్యాహ్నం దాటాక ఎవరో ఒకాయన వచ్చి వాళ్ళ మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నాడని కింద మందుల షాపువాళ్ళు ఆవిడకి ఫోన్లో చెప్పారట. మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు కడిగి ఇచ్చాడట. చాలా మర్యాదస్తుడు, మీ బంధువా అని అడిగారట.

పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. లాప్‌టాప్ కోసం మళ్ళీ వస్తే కబురు చెయ్యమన్నారు. అది అలమారలో పెట్టి ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్లా తాళాలాయన చేస్తున్న పని ఆపేసి గుమ్మం వైపు చూసేవాడు. పాస్‌వర్డ్ కొట్టాలన్నవాళ్ళ మొహంలోకి కూడా అలాగే చూస్తూ కూర్చునేవాడు. "ఏంటండీ, ఈమధ్య మీరు మారిపోయారు" అని ఒకరిద్దరు నొచ్చుకుని వెళ్ళిపోయారు.

కొన్ని రోజులకి అక్కయ్యగారు కొట్టుకి వచ్చింది. కూర్చోలేదు. చేతిలో ఫోన్ ఉంది. "ఆ దర్జీ పిల్ల నీతో మాట్లాడతానంటోంది. ఎక్కడినుంచని మాత్రం అడక్కు" అని ఫోన్ అందించింది.

తాళాలాయన ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. "అమ్మా, నన్ను..." అని మొదలుపెట్టాడు.

"అవన్నీ తర్వాత అన్నయ్యా" అంది అవతలి గొంతు. అలిసిపోయిన గొంతు. "ఒక్కటి చెప్పండి చాలు. మా అడ్రసు చదివినప్పుడు ఆయన మొహం ఎలా ఉంది? నవ్వాడా?"

"ఏమిటమ్మా?"

"కోపంగా ఉంటే కొన్నాళ్ళు తిరిగి వదిలేస్తాడు. అలా అయితే నేను ఇక్కడే ఉండిపోవచ్చు. పని దొరికింది. పాపకి కూడా ఈ బడి నచ్చింది, మళ్ళీ మార్చడం నా వల్ల కాదు. నవ్వితే మాత్రం వదలడు. మేం చాలా దూరం వెళ్ళిపోవాలి. మీరు పక్కనే ఉన్నారు కదా, చూసే ఉంటారు. నవ్వాడా, లేదా?"

తాళాలాయన కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఊపిరి చప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చప్పుడు గుర్తొచ్చింది. గోడమీద పెచ్చులూడిన చోటు, దాని అంచులు, లోపల కనబడే ఇటుక ఎరుపు, అన్నీ కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చాయి. మొహం లేదు.

"నేను చూడలేదమ్మా" అన్నాడు. "గోడవైపు తిరిగి కూర్చున్నాను."

"అయితే నవ్వాడనే అనుకోవాలి" అంది ఆమె.

ఆమె వెనకనుంచి, ఫోన్‌కి కొంచెం దూరంగా, ఆడపిల్ల గొంతు వినబడింది. "అమ్మా, నా పుస్తకాలు కూడా సర్దెయ్యనా?"

ఆమె ఏం జవాబిచ్చిందో తాళాలాయన వినలేదు. ఫోన్ కట్ అయింది.